తడి రంగు

ఎర్రగుంట్లలో బండల యార్డు, గేటు పక్క గది.
పన్నెండేళ్లుగా అక్కడ బిల్లులు రాస్తున్నాను.
రెండడుగుల నలుపు ఎన్ని, చదరం ఎంత,
లారీ నంబరు, హమాలీ కూలి.
కంప్యూటరంటే నాకు
గుడ్డ కప్పుకొని బల్ల మీద కూర్చున్న చుట్టం.

కోయంబత్తూరు నుంచి ఎవరో అడిగారంట,
మీకు వెబ్‌సైటు లేదా అని.
మా యజమాని నా వైపు తిరిగినాడు:
"ఓబుళమ్మా, నీ రాత గుండ్రంగా ఉంటది గదా,
అదేందో నువ్వే సూడు."
రాతకూ దానికీ ఏం సంబంధమో
ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

నేర్పడానికి వచ్చింది ఇమాంవలి,
పాలిష్ మిషన్ కాడ పనిచేసే హుసేన్‌బీ కొడుకు.
వానికి పద్దెనిమిది, నాకు నలభై ఒకటి.
"తెరిసింది మూయాల అక్కా, అంతే" అన్నాడు.
తెరిచాను. మూయడం మరిచాను.
పైన పేరు కోసం లావు చేసిన అక్షరం
ధరల్లోకి, అడ్రసులోకి, ఫోను నంబరు దాకా
లావుగానే పారింది,
మడవ తెగిన నీళ్ల మాదిరి.
ఒక్క అడ్డగీత.
పార పట్టి మడవ కట్టినట్టు అది పెట్టాక
ఎవరి కయ్యలోకి వాళ్లు పోయినారు.

రెండో రోజు నా పేరు కొట్టాను, తెలుగులో.
తెర మీదికి వచ్చినవి
నెత్తిన టోపీలు పెట్టుకున్న సీమదొరల అక్షరాలు,
నడుమ నడుమ ఒక డిగ్రీ గుర్తు
ఎవరికో జ్వరం చూసినట్టు.
"ఏ లిపిలో రాస్తావో దానికి ముందే చెప్పాల గదక్కా."
పైన ఒక వరస రాయించాడు.
దిగింది నా పేరు.
రేషన్ కార్డులో పోయిన 'ళ'
ఇక్కడ ఉంది.
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను,
బయట లారీ హారన్ కొడుతున్నా.

మార్జిన్ ఏదో ప్యాడింగ్ ఏదో
మూడుసార్లు చెప్పాడు. ఎక్కలేదు.
నాలుగోసారి నేనే వాణ్ని యార్డులోకి పిలుచుకుపోయాను.
పెట్టెకూ పెట్టెకూ మధ్య వదిలే సందు ఇదిగో,
పెట్టె లోపల చెక్కకూ బండకూ నడుమ
కుక్కే వరిగడ్డి ఇదిగో.
"ఇంతేనా?"
"ఇంతేనక్కా" అన్నాడు,
గడ్డిని కొత్తగా చూస్తూ.

రంగుకు ఆరు అంకెలు. అన్నీ సున్నాలైతే నలుపు.
పెట్టాను. అది మా బండ కాదు,
కరెంటు పోయిన రాత్రి.
మా బండ ఎండలో బూడిద,
బూడిదలో దాక్కున్న నీలం,
ఉలి తగిలిన చోట తెల్లటి గీరు.
సాయంత్రమంతా అంకెలు మార్చి మార్చి
ఒకచోట ఆగి, హుసేన్‌బీని పిలిచాను.

ఆమె గుమ్మంలోనే నిలబడి చూసింది.
"ఇది ఎండు బండ.
ఎండు బండ చూసి ఎవడు కొంటాడు?"

నిజమే. గేటు కాడ తొట్టి ఉండేది అందుకే.
బేరానికి వచ్చినోడు చెంబెడు నీళ్లు పోస్తాడు,
అప్పుడు గదా రాయి తన రంగు చెప్పేది.

"బాణం పైకి వస్తే రంగు మారేటట్టు పెట్టొచ్చక్కా"
అన్నాడు వలి, గొంతు తగ్గించి,
ఇన్నాళ్లూ దాచుకున్న మాట మాదిరి.
ఎండుకు ఒక అంకె, తడికి ఒక అంకె.
మారడానికి అర సెకను అడిగాను నేను,
నీళ్లు పాకడానికి ఆ మాత్రం పట్టదా.

ఫోన్లో తెరిస్తే ఇంకా
వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి.
అది ఎట్ల సరిచేయాలో నాకు తెలీదు,
రేపు అడగాల.

హుసేన్‌బీ రాతిపొడి చేతులు కొంగుకు తుడుచుకొని
మౌసు పట్టుకుంది.
బాణం పోయింది, బండ తడిసింది.
తీసింది, ఆరింది.
మళ్లీ పోసింది.

ఇరవై రెండేళ్లుగా ఆ తొట్టి నింపేది ఆమే.
బల్ల కింద నేల చూసి, నన్ను చూసి,
"ఒక్క చుక్క పోలే" అనింది.