తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది

తోర్షావ్న్‌లో ఆ ఉదయం వాన అడ్డంగా కురుస్తోంది.
ఇక్కడ నిలువుగా పడితే
మాకు ఎండ కాసినట్టే లెక్క.

పడవల కంపెనీలో కిటికీ పక్క బల్ల నాది.
తెర మీద ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పడం నా కొలువు:
వేళల పట్టిక నడిమధ్య,
టికెట్ ధర దానికి కుడిపక్క, పదహారు పిక్సెళ్ళ ఎడంగా,
'ఈరోజు పడవ లేదు' అనే ఎర్ర పలక అన్నిటికన్నా పైన.

చెప్పకపోతే అన్నీ బుద్ధిగానే ఉంటాయి,
రొట్టెల దుకాణం ముందు జనంలా
ఒకరి వెనక ఒకరు, వచ్చిన క్రమంలో.
చెప్పడం మొదలెట్టాకే చిక్కు.

యాబ్సొల్యూట్ అన్నానా,
వరుస విడిచి లేచిపోతుంది డబ్బా.
ఊరందరిదీ ఒక దారి, దానిదొక దారి.
ఖాళీ అయిన చోటులోకి వెనకవాళ్ళు జరిగిపోతారు,
అక్కడెవరూ ఎప్పుడూ లేనట్టు.
అదేమో ఎక్కణ్ణించి కొలుచుకోవాలో తెలీక
తల్లి డబ్బాని అడుగుతుంది.
తల్లికి నేనేమీ చెప్పలేదు.
అమ్మమ్మని అడుగుతుంది. ఆమెకీ లేదు.
అలా వంశమంతా ఎగబాకి
చివరికి పేజీ పైమూలకి పోయి అతుక్కుంటుంది.

తల్లి పక్కన రిలేటివ్ అని ఒక్క మాట రాస్తే చాలు.
ఆమె వెంట్రుకవాసి కదలక్కర్లేదు.
బిడ్డకో గట్టు దొరుకుతుంది.

"దీనికింత చదువెందుకు?" అన్నాడు
కాఫీకని వచ్చిన సరంగు హానుస్.
"తాడు పొట్టిగా కడితే
ఆటుకి పడవ గట్టుకి ఉరేసుకుంటుంది.
పొడుగ్గా కడితే పక్కవాడి పడవని గుద్దుతుంది."
నా బిస్కెట్లు రెండు జేబులో వేసుకుని పోయాడు.

పదకొండింటికి రేవు నుంచి ఫోను.
సున్నువా. డెబ్బై తొమ్మిదేళ్ళు.
రబార్బ్ జామ్ సీసాల పెట్టెతో
అవతలి దీవికని ఎనిమిదింటి నుంచీ నిలబడి ఉంది.
"పడవ లేదని ఎక్కడా లేదే.
పొద్దున్న ఫోన్‌లో చూశాను. పఫిన్ పిట్ట ఉందంతే."

నా పెద్ద తెర మీద పలక నిక్షేపంగా ఉంది.
కిటికీని సగానికి నొక్కాను, సగంలో సగానికి నొక్కాను.
ఆమె ఫోనంత ఇరుకయ్యేసరికి
ఎర్రముక్కు పిట్ట ఒక్క మెట్టు దిగి
సరిగ్గా 'లేదు' మీద వాలింది.

విప్పి చూస్తే పిట్ట పక్కన ఎవరో రాశారు:
జెడ్-ఇండెక్స్ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది.
ఎవరో ఏమిటి, నేనే.
మూడేళ్ళ కిందట ఓ శుక్రవారం సాయంత్రం
ఏదో నీడ దాని రెక్కని కప్పుతోందని
అందరి నెత్తినా ఎక్కించి ఇంటికి పోయాను.

పదివేలని రాయబోయాను పలకకి.
ఒకటి కొట్టాను, సున్నా కొట్టాను.
వేలు అక్కడ ఆగింది.
వెనక్కి వచ్చి పిట్ట అంకె చెరిపేశాను.
రెక్క కొంచెం నీడలో పడింది. పడనీ.
పలకని వరుసలోకి దింపాను,
కిందివాళ్ళంతా దానికి చోటిచ్చి జరిగేలా.

అప్పుడు కోటు వేసుకుని రేవుకి వెళ్ళాను.
లంగరు గుంజ మీద కూర్చుంది,
పెట్టె ఒళ్ళో, చున్నీ పెట్టె మీద.
క్షమించమన్నాను. వానలో వినపడిందో లేదో,
ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది.

అదిప్పుడు నా కీబోర్డుకి ఎడమపక్క ఉంది.
దానికి నేనేమీ చెప్పలేదు.
పెట్టిన చోటే ఉంది.