అవుస్మా దుప్పట్లు

పటంలో ఈ దారికి పేరు లేదు.
ఒక అక్షరం, పక్కన మూడంకెలు, అంతే.
నూరు కిలోమీటర్లలో తారు పన్నెండుకు మించకూడదని
చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని
గీసి, చెరిపి, మళ్ళీ గీసుకున్నాను.

త్సేసిస్ ఊరు దాటగానే దిగి
టైర్లలో గాలి కాస్త వదిలాం.
ఎంత వదలాలో బొటనవేలికి తెలుసు.

కంకరది ఒకటే గొంతు కాదు.
గౌయా నది పక్కన గుండ్రటి గులకరాళ్ళు,
బోసినోటి మాటలా చక్రం జారిపోతుంది.
పైన్ అడవిలో అంతా ఇసుక,
అక్కడ హ్యాండిల్ బిగించి పట్టుకున్నావా, పడ్డావే.
నిద్రపోయే పిల్ల మీద వేసినట్టు
ఊరికే చెయ్యి ఆనించి ఉంచాలి.
కలప లారీలు తిరిగేచోట రోడ్డు నిండా గంట్లు,
ఎవరో తిరగలికి కక్కు కొట్టి వెళ్ళినట్టు.
అక్కడ మాడర కూడా మాట్లాడదు.

మా నాన్న విస్వల్దిస్
సామూహిక క్షేత్రం రోజుల్లో
ఈ రోడ్ల మీదే గ్రేడరు నడిపేవాడు.
సాయంత్రం గుమ్మంలో చొక్కా విదిలిస్తే
దుమ్ము రంగు చూసి అమ్మ చెప్పేసేది,
ఇవాళ నది వైపా, చిత్తడి వైపా అని.
నాకు భూగోళం వచ్చింది ఆ చొక్కాలోంచే.

చిత్తడి దాటాక రై చేలు.
కరెంటు స్తంభం మీద కొంగ
ముక్కు టపటపలాడించింది, మా కోసం కాదు.
కప్పు కూలిన పశువుల కొట్టంలో
బర్చి చెట్లు బారులు తీరి నిలబడ్డాయి,
పాలు పితకడానికి ఎవరో వస్తారన్నట్టు.
ఇంకాస్త ముందుకెళితే
నాలుగు ఆపిల్ చెట్లు, ఒక రాతి మెట్టు.
మెట్టెక్కితే గాలి.
ఇల్లేమైందని ఈ ప్రాంతంలో ఎవరూ అడగరు.
రాలిన కాయలు మాత్రం జేబులో వేసుకుంటారు.
మేమూ వేసుకున్నాం.

డెబ్బై ఒకటో కిలోమీటరు దగ్గర
చెకుముకి ముక్క ఒకటి రైటిస్ టైరు కోసేసింది.
వాడు దాన్ని తిడుతూ కూర్చుంటే
నేను సీసాలు పట్టుకుని
మొదట కనిపించిన గేటు తీశాను.

దండెం మీద ఆరు తెల్ల దుప్పట్లు.
వాటి వెనక నుంచి అవుస్మా అనే ఆవిడ,
ఎనభై ఉంటాయి, నా హెల్మెట్ చూసి అంది:
"తారు వద్దని సంతకాలు పెట్టింది మీ సైకిళ్ళవాళ్ళేగా?"

నేను మూడో పేజీలో ఉన్నాను.
పేరు, ఊరు, గుండ్రటి సంతకం.
"ప్రాచీనమైన ఈ మట్టి దారుల అందం"
అన్న వాక్యం కూడా నాదే.

ఆవిడ సీసాలు తీసుకుంది. బావినీళ్ళు నింపింది.
నింపుతూనే, వాతావరణం చెప్పినంత మామూలుగా:
"ఏప్రిల్ బురదలో అంబులెన్సు దిగబడింది.
ట్రాక్టరు తెచ్చారు.
తెచ్చేసరికి మా ఆయనకి తొందరేమీ లేకపోయింది."

అప్పుడే కలప లారీ వెళ్ళింది.
కొంగ, చేను, రైటిస్, గేటు
అన్నీ మాయమై
ఒక్కొక్కటే నెమ్మదిగా తిరిగొచ్చాయి.
దుప్పట్లు మాత్రం తెల్లగా తిరిగి రాలేదు.

"ఆ కొస పట్టుకో," అంది.
పట్టుకున్నాను.
ఇద్దరం ఎదురెదురుగా నిలబడి
ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గట్టిగా విదిలించాం.
గాల్లోకి లేచింది దుమ్ము,
లేత పసుపు కలిసిన బూడిద రంగు.

చిత్తడి వైపు.
అమ్మ అక్కర్లేకుండానే చెప్పాను.

ఆరు దుప్పట్లు మడత పెట్టాక
జేబులో ఆపిల్ కాయలు తీసి ఇవ్వబోయాను.
"అవా," అంది. "పులుపు. నాకు తెలుసు ఆ చెట్లు."
అంతకుమించి చెప్పలేదు.

ఇంకా ఇరవై తొమ్మిది కిలోమీటర్లు.
ఎండ వాలింది, వాగు దాకా పల్లం,
చక్రాల కింద కంకర సన్నగా, గట్టిగా,
ఎప్పుడూ లేనంత బాగుంది.

చిక్కంతా అక్కడే ఉంది.