గార

తాడిపత్రిలో సముద్రం ఉంది.
నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు,
పళ్ళాసుపత్రి వెయిటింగు గదిలో
చెప్పుల స్టాండు పక్కన.

ఉప్పు బెంగుళూరు బస్సులో పార్సిలొస్తుంది.
నీళ్ళు క్యాన్లలో వస్తాయి.
బోరునీళ్ళకి మనుషుల పళ్ళే పసుప్పచ్చబడే చోట
చేపలేం గావాల?

టోకెన్లు పిలవడం, మందులివ్వడం, సముద్రాన్ని చూసుకోవడం,
మూడూ నా పనే.
పేరు షంషాద్. జీతం మాత్రం ఒక్కటే.

పీర్ల పండగ అయిన వారానికి చూశా మొదటిది:
రాయి మీద తెల్లటి గొట్టం,
విరిగిన చాక్‌పీసు ముక్క అతుక్కున్నట్టు.
వారంలో ఏడయ్యాయి. నెలకి లెక్క తప్పింది.
పురుగులనుకుని చేత్తో తుడవబోతే వేలు తెగింది.
నెత్తురు నీళ్ళలో పొగలా లేచి
ఎటో పోయింది.

"గారలే, గీకెయ్" అంది డాక్టరు ప్రసూన
మాస్కు తీయకుండానే.

గీకడం నాకు కొత్తా?
పాత స్కేలరు పట్టుకుని ఆదివారమంతా గీకా.
అందులో ఒకటి
గూట్లోంచి ఎర్ర ఈకల గొడుగు విప్పేది,
చేతి నీడ పడితే చటుక్కున ముడిచేది.
దాన్నీ గీకేశా.
గొడుగొక్కటే తేలుకుంటూ
ఫిల్టరు వైపు పోయింది.
అది ఎవర్నీ ఏమీ అనని పురుగట.
నీళ్ళలో నలకలేరుకుని తినేదట.
తర్వాత తెలిసింది.
తర్వాతే తెలుస్తాయి ఇట్లాంటివి.

అప్పట్నుంచి తొందరపడను.
సిరంజితో చుక్క తిండి వదిలి
స్టూలేసుకుని కూచుంటా.
ఈకలు విప్పిందా, బతకనీ.
అద్దం మీద గసగసాలంత తెల్ల చుట్టలా, చూసీ చూడనట్టు పో.
ఏ ఈకా లేకుండా
గొట్టం మూతిలోంచి చీమిడి దారం ఒకటి జారి,
ఇంకొకటి జారి,
అన్నీ కలిసి వలై,
వల పగడం మీద పడి
పగడం పువ్వులు కంట్లో నలుసు పడ్డట్టు ముడుచుకుంటే,
అదీ దొంగ.
పురుగు కూడా కాదు,
పురుగు వేషం కట్టిన నత్త.

దాని మందు మా ట్రేలోనే ఉంది.
రాయి బయటికి తీసి, తడిగుడ్డ కప్పి,
ఫోర్సెప్సుతో మొదలంటా విరిచి,
మిగిలిన బొక్కలో చిక్కటి జిగురు ఒక బొట్టు.
పుచ్చుపన్నుకి సిమెంటు పెట్టినట్టే.
కాకపోతే ఇక్కడ
మూత కింద ప్రాణం ఉంటుంది.

బండల ఫ్యాక్టరీలో పాలిషుపట్టే ఓబుళేసు
దవడ వాపుతో వచ్చి
నా వెనకాల నిలబడి చూశాడొకరోజు.
కనుబొమ్మల నిండా బండపొడి.
విరిగిన గొట్టం ముక్క అరచేతిలో వేసుకుని,
గోటితో గీకి, వద్దనేలోపే నాలిక్కి తగిలించుకుని,
"ఇది సున్నమే గదమ్మా" అన్నాడు.
"మా బండ గూడా ఇదే రుచి."
బండ తింటావా అంటే,
"ముప్పై ఏండ్లుగా తింటానే ఉండా,
దగ్గితే బయటపడతాది."
ఈడంతా ఒకప్పుడు సముద్రమేనంట,
క్వారీకొచ్చిన సర్వే సారు చెప్పినాడంట.
పెన్నలో నీళ్ళు చూసే ఎన్నాళ్ళో అయింది,
నేనేమనాలి?

ఇప్పుడు తిండి సగం చేశాం. రోజు మార్చి రోజు.
మా చెయ్యి జారిందే వాటికి బలం.
పిల్లలు బొరుగులు వేయకుండా బోర్డు కట్టా,
చదువురాని పిల్లల కోసం బొమ్మ కూడా గీశా.
గొట్టాలు తగ్గాయి. పోలేదు.
మోటారు వెనక, ఫోర్సెప్సు అందని మూల
ఒకటుంది.
రాత్రి లైటు ఆర్పబోతుంటే
దాని దారం మెరుస్తుంది.
ఎర్ర గొడుగు మాత్రం మళ్ళీ రాలేదు.

బకెట్లోంచి ఒలికిన ఉప్పునీళ్ళు
నేల నల్లబండ మీద ఎండి
తెల్లగా మచ్చలు కట్టాయి.
ఎంత రుద్దినా అంచులు పోవు.
ఓబుళేసునడగాలి,
రేపు కట్టు మార్పించుకోడానికి వస్తాడు.