తేదీ

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వెనక సందులో
మా ఆసుపత్రికి మూడు గదులు, ఒక వరండా.
లారీలకి కాయలెత్తే చప్పుడులో పొద్దున్నే
జ్వరాలన్నీ వచ్చి బల్లమీద వరసగా కూర్చుంటాయి.
ఇక్కడ మాత్రిస్తే వైద్యం కాదు.
"సూదెయ్యరా అండి?" అంటూ
చొక్కా చెయ్యి ముందే పైకి మడిచేస్తారు.

అలా వేసిన సూదుల్లో ఒకటి
చెత్తబుట్టలో, దూది కింద, ఎవరో తిన్న అరటితొక్క పక్కన
రూతమ్మ కోసం కాచుకుని పడుకుంది.

కుడిచెయ్యి. బొటనవేలు.
కందిగింజంత రక్తం కూడా లేదు.
కుళాయి కింద పెట్టి, కొంగుకి తుడుచుకుని
మిగతా వరండా ఊడ్చేసిందావిడ.
ఆ సూది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో!
ఆ రోజు చీటీల పుస్తకంలో అరవై రెండు పేర్లు.

వెంటనే ఒకసారి, ఆరు వారాలకి, మళ్లీ మూడు నెలలకి
అమలాపురం వెళ్లి రక్తం ఇచ్చొచ్చింది.
అన్నాళ్లూ మనవరాలికి తన కంచంలోంచి ముద్ద పెట్టలేదు.
అలా అంటుకోదని నేను చెప్పాను, డాక్టరమ్మా చెప్పింది.
"తెలుసండి" అనేది.
పెట్టేది కాదు.
ఏమీ లేదన్న ఆఖరి కాగితాన్ని
నాచేత నాలుగుసార్లు చదివించుకుంది.

ఆ మూడు నెలల్లోనే ఆసుపత్రి మారడం మొదలెట్టింది.
హైమావతి డాక్టరుగారు ముందుగా తెచ్చింది
మిషనూ కాదు, బోర్డూ కాదు,
ఐదు లీటర్ల కొబ్బరినూనె డబ్బా. ఖాళీది. మూతకి చిల్లు.
"సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, చేతిలోంచి తిన్నగా ఇందులోకే."
అసలు పెట్టె కాకినాడ నుంచి వచ్చేదాకా
మా భద్రత కమ్మగా కొబ్బరినూనె వాసనేసింది.

తర్వాత పసుపు బుట్ట, ఎర్ర బుట్ట.
ఒకే రంగు మూతలున్న రెండు మందులూ
కాపురాలు విడిపోయినట్టు చెరో అరలోకి.
టీకాల ఫ్రిజ్ తలుపుకి పొద్దుటా సాయంత్రం డిగ్రీలు రాసే అట్ట.
తుఫానుకి కరెంటు పోతే
రొయ్యల చెరువుల వాళ్లని ఐసు అడుక్కోకుండా మా సొంత పెట్టె.
"ఈ సబ్బుల ఖర్చుతో ఇల్లు కట్టొచ్చు" అని
కాంపౌండరు పేర్రాజు గొణుగుతూ చేతులు కడిగేవాడు.
కడిగేవాడు, అది చాలు.

అక్షరం రాని రూతమ్మ అందరికంటే ముందు రంగులు నేర్చింది.
ఎర్రదాంట్లోది పసుపుదాంట్లో వేస్తే
చీపురుకర్రతో బుట్టని మోగిస్తుంది,
డాక్టరమ్మ వేసినా సరే.

అన్నిటికంటే ఆఖర్న వచ్చింది పుస్తకం.
రూళ్ల పుస్తకం, అట్టమీద పేరు లేదు.
"జరిగిన పొరపాటైనా, జరగబోయి తప్పినదైనా రాయండి.
ఎవర్నీ ఏమీ అనను."
పదిహేను రోజులు దారానికి కలం ఊరికే వేలాడింది.
ఒకసారి పేర్రాజు అందుకున్నాడు కానీ
వెనక పేజీలో టీ బాకీ లెక్క వేసుకుని వదిలేశాడు.

వాన పట్టి రోగులు రాని ఓ మధ్యాహ్నం
నేను రాశాను.
ఆ సూది నాది. మూత పెట్టబోతే జారింది.
అలాగే బుట్టలో పడేశాను.
లంక నుంచి పంటు మీద పాముకాటు మనిషిని తెచ్చారు, ఆ హడావిడిలో,
అని కూడా రాసి
ఆ వాక్యం కొట్టేశాను.

తడిగుడ్డ పక్కన పెట్టి రూతమ్మ అడిగింది
"ఏం రాశారండి?"
చదివాను.
కొట్టేసింది కూడా చదివాను.

నావంక చూళ్లేదావిడ. పుస్తకాన్నే చూసింది
ఆ గీతలు ఏ బుట్టలోకి పోతాయో పోల్చుకుంటున్నట్టు.
"తేదీ ఏశారా?"
వెయ్యలేదు.
"పదిహేడు. మంగళారం. పదకొండు దాటేకా.
ఏసెయ్యండి."
వేశాను.

బాల్చీ ఎత్తుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.
ఇంకేదో అంటుందని లేచి రెండడుగులు వేశాను.
"నేల తడిగా ఉందండి" అంది,
"ఆరేదాకా ఇటు రాకండి."