సగం రేకు

మెడ మీంచి మొదలవుతుంది.
పలాస జీడి బట్టీ దగ్గర కూర్చున్నప్పుడు
ఈ సెగ బాయిలరుదో నాదో
రెండేళ్ళుగా తేలలేదు.

కాశీబుగ్గ మందుల షాపు కుర్రాడితో
అసలు సంగతి అనలేక
"నీరసం బాబూ" అన్నాను.
సుద్దముక్కల్లాంటి కాల్షియం,
ఆముదం చుక్కల్లా మెరిసే విటమిన్ ఇ.
రెండ్రోజుల కూలి కాగితం సంచిలో పడింది.

పక్క పీట దాలమ్మప్ప
గుళికని వెలుతురుకెత్తి చూసి
"ఒలే, ఇదీ జీడినూనేటే?" అంది.
నవ్వాను. నవ్వుతుంటే మళ్ళీ చెమట.
"నాకూ అలగే వొచ్చీది.
సలికాలంలో తడిసి ముద్దయిపోయీదాన్ని.
ఎవులికి సెప్తాం?"

ఇరవై ఏళ్ళు పక్కపక్కనే పిక్కలు కొట్టాం.
ఎవరి ముట్టు ఎప్పుడో తెలుసు,
గుడ్డ ఎక్కడ దాచామో తెలుసు.
ఆగిపోయిన సంగతి మాత్రం
ఇవాళే.

మాత్ర పనిచేసిందో లేదో చెప్పలేను.
రాత్రి అదే మెలకువ, అదే తడి జాకెట్టు.
మర్నాడు తూకానికి ముందు
దాలమ్మప్ప చెయ్యి చాపింది,
జీడి మరకలు వదలని నల్లటి అరచెయ్యి.
"ఒకటి నాకూ ఇయ్యే.
ఎముకలు కూత పెడతన్నాయి."

రేకు సగానికి విరిచాను.
ఆ చిటుక్కుమన్న చప్పుడికి
వరసలో ఇంకో ఇద్దరు
తలెత్తారు.