తొడిమ

ఏటుకూరు రోడ్డు కోల్డ్‌ స్టోరేజీ వెనక
రేకుల షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది నాంచారమ్మ.
అరగంట సేపు ఏమీ తినకూడదు, తాగకూడదు అంటే నవ్వింది.
"పొద్దుట్నుంచీ కారం పీలుస్తున్నాగా, అది లెక్కకొచ్చిద్దా?"

గొట్టంలో గీత దాకా ఉమ్మి కావాలి.
నోరెండి మూడుసార్లు ఆగింది.
ఈలోగా కులం గడి నింపాను.
తాతల ఊరు అడిగితే "కాలవ అవతల" అంది,
ఏ కాలవో చెప్పలేదు.
తండ్రి పేరు దగ్గర
చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారే పనిలో పడ్డారు.

"మా అమ్మ చెప్పకుండానే పోయింది.
నీ గొట్టం చెప్పిద్దా?"

ఇది ఒక్కరి సంగతి కాదమ్మా,
వేల ఏళ్ల కిందట ఏ గుంపు ఎటు నడిచిందో,
ఎవరిలో ఎవరు కలిశారో

"కలిశారని తెలుస్తానే ఉందిగా, నన్ను చూస్తే.
గుంపుతో నాకేం పని?
నాకు కావాల్సింది ఒక్కడు."

మూత బిగించి బార్‌కోడ్‌ అంటించాను.
పేరు పోయి పదకొండు అంకెలు మిగిలాయి.
ఆమె కాళ్ల దగ్గర తొడిమల గుట్ట;
ఏది ఏ కాయదో
సాయంత్రం తూకానికి అక్కర్లేదు.

నాకు తుమ్ములు, ఆగకుండా.
అరగంటగా తను ముట్టని నీళ్ల సీసా
నా వైపు తోసింది.