పదిహేనో నియమం

పద్నాలుగు నియమాలు నేనే టైపు జేసిన.
నారాయణపేట మున్సిపల్ ఆఫీసుల
కిటికీ పక్క కుర్చీ నాది,
కిటికీ అవతల మోరీ.
అద్దకం గల్లీ దిక్కు నుంచి వస్తదది.
క్యాలెండర్ చూడకుండనే చెప్పగల
ఇయ్యాల ఏ చీర నూలు నానుతున్నదో:
సోమవారం ముదురు మెరూను,
బేస్తవారం పసుపు,
పెండ్లిళ్ల నెలల్ల
తనదే రంగో నీళ్లకే తెల్వదు.

ఒకటి: వంటింటి నీళ్లు బాటల పారబొయ్యరాదు.
రెండు: ఇంటింటికి ఇంకుడు గుంత ఉండాలె.
మూడు: వాననీళ్ల కాల్వల మురుగు కలుపరాదు.
నాలుగు కాడ నా వేళ్లు ఆగినయి.
అద్దకం నీళ్లు తేర్చకుండ మోరీల విడిస్తే
అయిదు వందల జుర్మానా.

మా మేనమామ బుగ్గప్ప
ముప్పై ఏండ్ల సంది విడుస్తనే ఉన్నడు.
మోచేతుల దాక ఆయనకు నీలం,
అన్నం కలిపినా పోదు,
పీనుగను మోసొచ్చి తానం జేసినా పోదు.
నోటీసు మీద ఆ పేరే టైపు జేసిన,
తప్పు పోకుండ,
ఇంటి నంబరుతో సహా.

పొద్దుగూకినంక ఆ ఇంట్లనే చాయ్ తాగిన.
"ఇంకుడు గుంతకు జాగేడున్నదే?
మగ్గం గుంత పూడ్చమంటరా?"
చక్కెర కరిగిపోయిన చాయ్‌ని
ఇంకా కలుపుకుంటనే కూసున్న.

ఆశప్పకు సదువు రాదు.
పార కొసకు ఏం తగిలిందో చూసి
ఏ ఇల్లో చెప్తడు:
ఈ వెంట్రుకలు బస్టాండు కాడి మంగలి షాపువి,
ఈ నూనె జిడ్డు మిర్చిబండిది,
ఈ సూదులు పోస్టాఫీసు ఎనక పెద్దమ్మవి,
పాపం, షుగరు ఎక్కువైనట్టున్నది,
పోయిన నెల గిన్ని లేకుండె.

నోటీసు బోర్డు కింద నిలవడి అడిగిండు:
"సదువు బిడ్డా, నా గురించేమన్న రాసిండ్రా?"
పదకొండోది సదివిన.
మనిషిని మ్యాన్‌హోల్ల దించరాదు.
మిషిన్‌తోనే తియ్యాలె.
జెర సేపు బోర్డు దిక్కే చూసిండు.
"మంచిగ రాసిండ్రు.
మొన్న ఐతారం దిగినప్పుడు
గిది ఇంకా రాయలేదా?"

రాసే ఉండె.
పాత కాగితంల గూడ పదకొండోదే,
నేను చూసి మళ్ల టైపు జేసినదే.
దించరాదన్నది గోడకున్నది.
దిగుమన్నది ఫోన్ల వస్తది,
దానికి ఫైలు నంబరుండదు.

బుధవారం బస్టాండు కాడ మోరీ నిండి
ప్లాట్‌ఫారం మీదికొచ్చింది.
మక్తల్ బస్సు దిగెటోళ్లు
చీరలు ఎత్తి పట్టుకొని దుంకుతున్నరట.
నా టేబుల్ మీద ఫోన్ మోగింది.
"ఆశప్పను తోలు. జెర దిగి చూస్తడు, అయిదు నిమిషాల పని."

కొత్త పేజీ తెరిచిన.
"సార్, అదే మాట ఇంకోసారి చెప్పుండ్రి,
టైపు జేస్త.
టైమెంత? కింద మీ పేరు పూర్తిగ రాయాల్నా?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
ఎవరో గ్లాసు తెచ్చిపెట్టిన చప్పుడు.
"వద్దులే" అన్నడు.

మూడున్నరకు పాలమూరు నుంచి మిషిన్ వచ్చింది.
పైపు గురగురమని గుంజుతుంటే
ఆశప్ప పక్కకు నిలవడ్డడు.
కాళ్లు తడువకుండ నిలవడుడు అలవాటు లేదు గద,
చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక
రెండుసార్లు తువ్వాల దులిపిండు.

ఆ రాత్రి ఎవ్వల్నడుగకుండ ఒక లైను చేర్చిన.
పదిహేను: దిగుమని చెప్పెటోళ్లు
ముందుగాల సంతకం పెట్టాలె.
పెద్ద సారు టేబుల్ మీద ఉన్నదది.
ఎర్రపెన్నుతో కొట్టేస్తరో,
నన్నే ఇంకో సెక్షన్‌కు మారుస్తరో.

మామ ఇంట్ల మగ్గం పక్కన మూడడుగులు తవ్విండ్రు.
నల్లరాయి తగిలి గడ్డపార వంగింది.

ఇయ్యాల బేస్తవారం.
కిటికీ అవతల మోరీ
పచ్చపచ్చగ పోతున్నది.
నాలుగో నియమం కింద
రెండో నోటీసు తయారు జెయ్యాలె.
ఇంటి నంబరు చూసుకునే పని లేదు.